బల్ల మీది పీవీసీ షీటు: పనితనానికి వంక లేదు, పేచీ ప్యాకెట్‌తోనే

చదువుకునే బల్ల మీద పరుచుకునే 2 మిల్లీమీటర్ల పారదర్శక షీటు ఇది. మనవరాలి బల్ల కోసం తెప్పించాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి షీట్లు ఎన్నో పేర్లతో వస్తున్నాయి, నేను చెప్పేది చాలావాటికి వర్తిస్తుంది.

ముందు మంచి సంగతులు. చుట్ట విప్పి పరిస్తే తెల్లారేసరికి ముడతలు సర్దుకున్నాయి. అంచులు నున్నగా కోశారు. కింద ఉన్న చెక్క గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. సిరా ఒలికినా తడిగుడ్డతో తుడిస్తే పోతోంది. కాగితం కింద కాస్త మెత్తగా ఉండడం వల్ల రాత హాయిగా సాగుతోంది.

ప్యాకెట్ మీద మాత్రం ‘బీపీఏ లేదు’, ‘విషరహితం’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. షీటును మెత్తగా ఉంచుతున్న పదార్థం పేరు ఎక్కడా లేదు. నేను కేబుల్ ఫ్యాక్టరీలో పీవీసీ కాంపౌండ్ కలిపే విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి, నా కళ్లు ముందుగా వెతికింది ఆ పేరునే. బీపీఏ ప్రధానంగా పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్, ఎపాక్సీ అనే రెసిన్ తయారీలో వాడే రసాయనం. మెత్తటి పీవీసీ విషయంలో అడగాల్సిన మొదటి ప్రశ్న ప్లాస్టిసైజర్, అంటే మెత్తబరిచే పదార్థం, ఏమిటన్నది. దానికి జవాబు ఇవ్వకుండా బీపీఏ లేదని చెప్పడం కొనేవాళ్లను పక్కదారి పట్టించడమే.

పీవీసీ రెసిన్ తెల్లటి పొడి. మెత్తబరిచేది కలపకుండా తీస్తే నీటి గొట్టాలకు వాడే గట్టి ప్లాస్టిక్ వస్తుంది. వంగే గుణం రావాలంటే నూనెలాంటి ప్లాస్టిసైజర్ పోయాలి. మా మిక్సర్ దగ్గర ఏళ్ల తరబడి అది డీఓపీయే. పరిశోధనల్లో డీఈహెచ్‌పీ అని రాసేది కూడా దాన్నే, థాలేట్లు అనే ప్లాస్టిసైజర్ల కుటుంబంలో అన్నిటికన్నా ఎక్కువగా అధ్యయనం చేసిన రసాయనం. 100 పాళ్ల రెసిన్‌కు 50 పాళ్లు పోయడం మామూలు, అంటే బరువులో దాదాపు మూడో వంతు అదే. వేడి మిక్సర్లో పొడి ఆ నూనెనంతా పీల్చుకుని మళ్లీ పొడిపొడిగా రాలుతుంది. గుప్పిట పట్టి చూస్తే జిడ్డు కూడా పెద్దగా తెలియదు. కానీ ఆ నూనె ప్లాస్టిక్‌తో రసాయనికంగా ముడిపడదు, అణువుల మధ్య ఇరుక్కుని ఉంటుంది అంతే. వేడి తగిలినా, నూనె, కొవ్వు పదార్థాలు తగిలినా త్వరగా బయటికి వస్తుంది.

ఆ కదలికను ఈ షీటు మీదే చూశాను. గట్టి పాలీస్టైరీన్ స్కేలు ఒకటి కొన్నాళ్లు దాని మీద ఉండిపోయింది. తీయబోతే అతుక్కుంది. స్కేలు అడుగున మెరుపు పోయి జిగురుగా తయారైంది, గోటితో నొక్కితే గీత పడింది. లేజర్ ప్రింటర్లో తీసిన టైంటేబుల్‌ను షీటు కింద పెడితే అక్షరాలు షీటుకే అంటుకుని వచ్చాయి. లోపలి ప్లాస్టిసైజర్ బయటికి వచ్చి టోనర్‌ను, అంటే ప్రింటర్ పొడి సిరాను, మెత్తబరిచింది. అది ఏ ప్లాస్టిసైజరో దీన్నిబట్టి తేలదు, లేబొరేటరీ పరీక్ష కావాలి. షీటులో ఉన్నది షీటులోనే ఉండదన్నది మాత్రం కంటికి కనిపించింది.

భయపెట్టడానికి రాయడం లేదు. మనుషులకు డీఈహెచ్‌పీ ఎక్కువగా అందేది ఆహారం ద్వారా. పెద్దవాళ్లు ఈ బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటే చేరేది దానితో పోలిస్తే కొద్దిదే. ఒంట్లోకి వెళ్లిన డీఈహెచ్‌పీలో ఎక్కువ భాగం త్వరగానే మూత్రంలో పోతుంది కూడా. అయితే పోయినంతా రోజూ మళ్లీ వచ్చి చేరుతూ ఉంటుంది. చూలుతో ఉన్న ఎలుకలకు ఇచ్చినప్పుడు మగ పిల్లల్లో పురుష హార్మోను టెస్టోస్టిరాన్ తగ్గి జననాంగాల ఎదుగుదల దెబ్బతింది. యూరప్ దీన్ని సంతానోత్పత్తికి హాని చేసే పదార్థాల జాబితాలో పెట్టింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో మనుషులకు క్యాన్సర్ కారకం కావచ్చన్న 2బీ వర్గంలో చేర్చింది. గర్భిణులు, ప్రతిదీ నోట్లో పెట్టుకునే పసివాళ్లు ఉన్న ఇళ్లలో అందుకే పట్టింపు ఎక్కువ ఉండాలి. రక్తం నిల్వ చేసే సంచుల్లో దీన్ని ఇన్నాళ్లు వాడడానికి కారణం వేరు. ఎర్ర రక్తకణాల పొర దెబ్బతినకుండా ఇది కాపాడుతుంది. అక్కడ ప్రాణం నిలిపే ప్రయోజనం ఉంది. బల్ల మీది షీటుకు ఆ అవసరం లేదు.

చట్టాల్లో ఒక సందు ఉంది. అమెరికాలో 2008 చట్టం పిల్లల బొమ్మల్లో, పసివాళ్ల సంరక్షణ వస్తువుల్లో డీఈహెచ్‌పీ 0.1 శాతం మించకూడదంది. ఈ షీటు బొమ్మ కాదు కాబట్టి ఆ నిబంధన కిందికి రాదు. యూరప్ అదే 0.1 శాతం పరిమితిని మొదట బొమ్మలకు పెట్టి, 2020 జులై నుంచి చర్మానికి తగిలే, ఇంట్లో వాడే చాలా వస్తువులకు విస్తరించింది. యూరప్ చేసిందే సరైనదని నా అభిప్రాయం. పిల్లలు చేతులు ఆనించేది బొమ్మల మీదే కాదు.

ప్లాస్టిసైజర్ పేరు చెప్పమని కంపెనీకి రాశాను. ‘మా ఉత్పత్తి పూర్తిగా సురక్షితం’ అని జవాబు వచ్చింది, పేరు రాలేదు. అందుకని ఇంకొక కంపెనీ షీటు తెప్పించాను. డీఓటీపీ అనే వేరే ప్లాస్టిసైజర్ వాడామని, ఒక్కో థాలేట్ విడివిడిగా 0.1 శాతం లోపే ఉందని పరీక్ష నివేదికతో సహా ఇచ్చారు. డీఈహెచ్‌పీ లాంటి ఆర్థో థాలేట్ల విషయంలో కనిపించిన హార్మోను సమస్య డీఓటీపీ మీద జరిపిన జంతు పరీక్షల్లో కనిపించలేదు. ఈ షీటు కాస్త మసకగా ఉంది, చలిలో కొంచెం బిగుసుకుంటోంది. మనవరాలి బల్ల మీద ఇప్పుడు ఉన్నది ఇదే.

మొదటి షీటును పనిముట్ల అరలో పరిచాను. మీ దగ్గర ఉన్నదాన్ని తీసేయాలనుకుంటే మాత్రం కాల్చకండి, పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. మొదటిదానికి అయిదుకు రెండు ఇస్తున్నాను, రెండోదానికి నాలుగు.