బ్లాకులో గొడవలు, 14416 నంబరు: చాలాకాలం వాడిన అనుభవం

మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌లో మేముండే సర్కారు అద్దె ఇళ్ల బ్లాకులో సగం కుటుంబాలు తెలుగువాళ్లవే. గోడలు పలుచన. ఎవరింట్లో కేకలు లేచినా వరుసంతా వింటుంది. తెల్లారితే "ఫలానావారిని ఖాళీ చేయించండి" అంటూ సంతకాలతో అర్జీ తయారు. ఆ అర్జీలు నా చేతి మీదుగానే వెళ్తాయి. అందుకే 2022 అక్టోబరులో ప్రభుత్వం టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ ప్రారంభించిన కొద్దికాలానికే దాని నంబరు 14416కు ఫోను చేయడం మొదలుపెట్టాను.

అది గొడవ ఆపే నంబరు కాదు. 2021లో చంద్రపూర్ జిల్లాలో మద్యనిషేధం ఎత్తేశాక, తాగి పక్కవాళ్ల తలుపులు తన్నేవాళ్లు మా మెట్ల మీద ఎక్కువయ్యారు. వాళ్లకు పోలీసుల్ని పిలిచే 112 నంబరు తప్ప మందు లేదు. రాత్రి పది దాటాక మైకు మోగించేవాళ్లకూ అంతే.

అది అక్కరకొచ్చింది కింది అంతస్తు పెద్దాయన విషయంలో. భార్య పోయాక ఒంటరివాడయ్యాడు. అర్ధరాత్రి పళ్లెం వాయిస్తూ, పైవాళ్లు తనను తిడుతున్నారని అరిచేవాడు. పోలీసులకు అప్పగిద్దామన్నారు కొందరు. మానసిక రోగిని లాకప్‌లో పెట్టకూడదు, ఆసుపత్రికే తీసుకెళ్లాలని 2017 నాటి చట్టం చెబుతోందంటే నన్నే అనుమానంగా చూశారు.

ఫోనెత్తిన కౌన్సెలర్ తొందరపెట్టలేదు. నిద్రపోతున్నాడా, అన్నం ఎవరు పెడుతున్నారు, చచ్చిపోతానని ఎప్పుడైనా అన్నాడా అని అడిగారు. ఆ చివరి ప్రశ్న మా బ్లాకులో అంతవరకూ ఎవరికీ తట్టలేదు. డాక్టరుతో మాట్లాడించి, జిల్లా కేంద్రంలో ఏ విభాగానికి వెళ్లాలో చెప్పారు. పైసా ఖర్చు లేదు, ఏ వేళలోనైనా పలుకుతారు.

అయితే ఇంటికి ఎవరూ రారు. ఆయనను బస్సెక్కించడం, మాత్రలు మింగించడం మన పనే. పక్కింటి వదిన రోజూ అన్నం పెట్టి, ఎదురుగా నిలబడి మాత్ర వేయించకపోతే ఆ సలహా గాలికి పోయేది. మోత ఇప్పుడు బాగా తగ్గింది. పూర్తిగా ఆగలేదు, ఆగాలని పట్టుబట్టేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఇళ్లు కేటాయించే కార్యాలయం ఇచ్చే ఫిర్యాదు ఫారంలో ఇంటి నంబరుకూ చేసిన తప్పుకూ గళ్లున్నాయి. ఆ మనిషిని చూసుకునేవాళ్లు ఉన్నారా అనడానికి గడి లేదు. అంచున పెన్నుతో రాసి పంపుతున్నాను. ఒక్కోసారి చదువుతున్నారు కూడా.