ఐకాన్లు సర్దిపెట్టే ఆ పెయిడ్ యాప్ కొనకండి, మీ ఫైళ్ళు పోతాయి

ఆ యాప్ ఏదో చెప్పక్కర్లేదు. ఏ వీడియో పెట్టినా ముందు దాని యాడే వస్తోంది కదా, చిందరవందరగా ఉన్న డెస్క్‌టాప్ ఒక్క క్లిక్కుతో అద్దంలా తయారైపోతుంది చూడండి, అదే. పేరు రాస్తే పోస్ట్ తీయించేస్తారని రాయడం లేదు. కొనాలనుకునేవాళ్ళు దయచేసి ఇది చదివాకే నిర్ణయించుకోండి. ఇప్పటికే కొన్నవాళ్ళు మాత్రం చివరి పేరా ముందు చదవండి, అది చదవకుండా అన్‌ఇన్‌స్టాల్ జోలికి వెళ్ళొద్దు.

క్లుప్తంగా విషయం ఇదీ. మా నాన్నకి ఈమధ్య చూపు మందగించింది. ఆయన ఏది సేవ్ చేసినా డెస్క్‌టాప్ మీదే చేస్తారు, ఫోల్డర్లలోకి వెళ్ళి వెతుక్కోవడం మొదటి నుంచీ అలవాటు లేదు. స్క్రీన్ నిండా చిన్న చిన్న ఐకాన్లు, వెనక పూలతోట ఫొటో, దాని మీద తెల్ల అక్షరాల్లో పేర్లు. ఒక్క ఫైలు తెరవాలంటే ముఖం స్క్రీన్‌కి ఆనించి వెతుక్కునేవారు. ఐకాన్లు పెద్దగా, పేర్లు స్పష్టంగా, ఒక రకం ఫైళ్ళన్నీ ఒకచోట ఉంటే చాలనుకున్నాను. ఆ యాప్ వాళ్ళు సరిగ్గా అదే ఇస్తామన్నారు, చూపు తక్కువ ఉన్న పెద్దవాళ్ళకి కూడా సులువు అని పేజీలో ప్రత్యేకంగా రాసుకున్నారు. డబ్బు కట్టి ఫుల్ వెర్షన్ తీసుకున్నాను.

ముందు ఐకాన్ల సంగతి చెప్తాను, వాళ్ళు అమ్మేది అవే కాబట్టి. ఫైళ్ళకీ ప్రోగ్రాములకీ అన్నిటికీ ఒకే ఆకారం పెట్టేశారు, మూలలు గుండ్రంగా ఉన్న చతురస్రం, లోపల సన్నటి తెల్లగీతతో ఏదో బొమ్మ. తేడా అంతా రంగులోనే. నాన్న ఐకాన్‌ని గుర్తుపట్టేది దాని ఆకారాన్ని బట్టి, అది ఎప్పుడూ ఉండే చోటుని బట్టి. ఈ రెండూ ఒకేసారి లాగేసుకున్నారు. వెబ్ పేజీలకి ఉన్న యాక్సెసిబిలిటీ నియమాల్లో, అదే డబ్ల్యూసీఏజీలో, కేవలం రంగుతోనే తేడా చూపించకూడదని ఉంది, అర్థం కావడానికి అవసరమైన బొమ్మకీ దాని వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 3:1 ఉండాలని కూడా ఉంది. అవి వెబ్‌కి రాసినవే కావచ్చు, చూసే కళ్ళు మాత్రం అవే కదా. 1984లో మొదటి మ్యాకింటాష్‌కి సుసాన్ కేర్ అనే డిజైనర్ 32 బై 32 చుక్కల్లో, కేవలం నలుపు తెలుపుల్లో ఐకాన్లు గీసింది, ఏది ఏమిటో చూడగానే తెలిసేది. ఇన్నేళ్ళ తర్వాత డబ్బు తీసుకుని వీళ్ళు ఇచ్చింది అంత స్పష్టంగా కూడా లేదు.

పైగా పెద్దవి చేస్తే మసక. మంచి ఐకాన్ ఫైల్లో 16, 32, 48, 256 పిక్సెళ్ళు, ఇలా ఒకే బొమ్మ రకరకాల సైజుల్లో ఉంటుంది, ఎంత కావాలంటే విండోస్ అది తీసుకుంటుంది. వీళ్ళ ఐకాన్లలో 48 తర్వాత ఏమీ లేదు, ఉన్నదాన్నే సాగదీస్తున్నారు. పేర్లు కూడా దాచేశారు, మౌస్ తీసుకెళ్ళి పైన పెడితేనే కనిపిస్తాయి. చూపు ఆననివాళ్ళు ఏ ఐకాన్ మీద మౌస్ పెట్టాలో ముందు ఎలా తెలుసుకుంటారు? నాన్న రెండు పూటలు కష్టపడి, "పాతదే నయమమ్మా, తీసేయ్" అన్నారు.

సరే, తీసేద్దాం అనుకున్నాను. అసలు దెబ్బ ఇక్కడ తగిలింది. ఏ ప్రోగ్రామ్ తీసేస్తున్నా ముందు ఫైళ్ళు కాపీ పెట్టుకోవడం నాకు అలవాటు. డెస్క్‌టాప్ మీద ఉన్నవన్నీ సెలెక్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. పెన్‌డ్రైవ్ తెరిచి చూశాను, పేర్లన్నీ ఉన్నాయి, ఒకటి డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంది కూడా. అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ నొక్కాను. "యాప్ డేటాను కూడా తొలగించాలా?" అని అడిగింది. యాప్ డేటా అంటే దాని సెట్టింగులు, దాని ఐకాన్లు అనే ఎవరైనా అనుకుంటారు. అవును అన్నాను.

నాన్న డెస్క్‌టాప్ మొత్తం ఖాళీ అయిపోయింది. పెన్‌డ్రైవ్‌లో పేర్లు అలాగే ఉన్నాయి, ఏది నొక్కినా ఫైల్ దొరకడం లేదు అంటోంది. ప్రాపర్టీస్ తెరిచి చూశాను. షార్ట్‌కట్, అంటే అసలు ఫైలు కాదు, అది ఉన్న చోటికి దారి చూపే గుర్తు మాత్రమే. 2 కేబీ. ఇంకొకటి తెరిచాను, అదీ షార్ట్‌కట్టే. అన్నీ అంతే.

వాళ్ళు చేసింది ఏమిటంటే, ఇన్‌స్టాల్ అయిన రోజే డెస్క్‌టాప్ మీద ఉన్న అసలు ఫైళ్ళన్నిటినీ యూజర్ ప్రొఫైల్‌లో దాగి ఉండే యాప్‌డేటా ఫోల్డర్‌లోకి, తమ సొంత ఫోల్డర్‌లోకి తరలించేశారు, డెస్క్‌టాప్ మీద వాటికి షార్ట్‌కట్లు మాత్రమే వదిలారు. మామూలుగా అయితే షార్ట్‌కట్‌కి ఎడమవైపు కింద మూలలో చిన్న బాణం గుర్తు ఉంటుంది, అది చూస్తే ఇది అసలు ఫైలు కాదని తెలిసిపోతుంది. "నీట్‌గా కనపడడానికి" ఆ బాణం కూడా తీసేశారు! ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా సెట్టింగ్ పెట్టుకున్నా షార్ట్‌కట్‌కి ఉండే ఎల్ఎన్‌కె అనే తోక మాత్రం విండోస్ చూపించదు. అంటే చూసేవాళ్ళకి తెలిసే దారి ఆ ఒక్క బాణమే, దాన్నే చెరిపేశారు. ఐకాన్ ఉన్నదే దాని వెనక ఏముందో చెప్పడానికి. అందం కోసం దానిచేత అబద్ధం చెప్పించినవాళ్ళు డెస్క్‌టాప్‌ని సులువు చేస్తాం అని ఎలా అమ్ముతారు?

"ఏమైందమ్మా" అని నాన్న పక్కనే నిలబడి అడుగుతున్నారు. మా తాతల గురించి, ఊళ్ళో పాత ఇంటి గురించి ఆయన ఏళ్ళ తరబడి ఒక్కో వేలితో టైప్ చేసుకుంటున్న జ్ఞాపకాలు అందులో ఉన్నాయి, పాత ఫొటోల స్కాన్లు ఉన్నాయి. నాకు నోట మాట రాలేదు.

వాళ్ళ సపోర్ట్ చాట్‌కి వెళ్ళాను. చాలాసేపు వెయిట్ చేయించి ఒకతను వచ్చాడు. జరిగిందంతా రాశాను, స్క్రీన్‌షాట్లు పెట్టాను. "యాప్ డేటా తొలగించడానికి మీరు అంగీకరించారు మేడమ్, అది మా బాధ్యత కాదు" అన్నాడు. మా నాన్న రాసుకున్న ఫైలు మీ యాప్ డేటా ఎలా అవుతుంది అని అడిగాను. దానికి వచ్చిన జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ముఖ్యమైన ఫైళ్ళు డెస్క్‌టాప్ మీద పెట్టుకోకూడదు మేడమ్." డెస్క్‌టాప్ మీద ఉన్న ఫైళ్ళు సర్దడానికే కదా నా దగ్గర డబ్బు తీసుకున్నారు! నేను ఆ మాట టైప్ చేస్తుండగానే చాట్ మూసేసి, సేవ ఎలా ఉందో రేటింగ్ ఇవ్వమని బాక్స్ పంపారు. పోయిన ఫైళ్ళ కంటే ఆ ఒక్క వాక్యమే నన్ను ఎక్కువ మండిస్తోంది. ఒక్క "సారీ" లేదు, ఫైళ్ళు వెనక్కి తెచ్చుకునే దారి ఏమైనా ఉందేమో చూద్దాం అన్న మాట లేదు. డబ్బు వాపసు అడిగితే గడువు దాటింది అని ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది.

నేను చేయగలిగిందంతా చేశాను. రీసైకిల్ బిన్‌లో ఏమీ లేదు, వాళ్ళ అన్‌ఇన్‌స్టాలర్ తీసేసినవి అక్కడికి రాలేదు. సిస్టమ్ రీస్టోర్ సొంత ఫైళ్ళని వెనక్కి తేదు, అది చూసుకునేది సిస్టమ్ ఫైళ్ళని, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీని. తీసేసిన ఫైళ్ళని వెతికిపెట్టే మైక్రోసాఫ్ట్ వాళ్ళ టూల్, విండోస్ ఫైల్ రికవరీ కూడా నడిపాను. కంప్యూటర్‌లో ఉన్నది ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే డిస్క్ లేకుండా చిప్‌ల మీద దాచే డ్రైవ్. ఫైల్ తీసేయగానే ఆ చోటు ఇక అక్కర్లేదని విండోస్ డ్రైవ్‌కి చెప్పేస్తుంది, డ్రైవ్ దాన్ని తుడిచేసుకుంటుంది, ట్రిమ్ అంటారు. దొరికినవి విరిగిన ముక్కలే. నాన్న చుట్టాలకి మెయిల్ చేసిన కొన్ని పేజీలు మాత్రం పాత మెయిళ్ళలోంచి తీయగలిగాను.

ఇప్పుడు నాన్న డెస్క్‌టాప్‌ని పైసా ఖర్చు లేకుండా సర్దిపెట్టాను, ఆయనకి హాయిగా కనిపిస్తోంది. డెస్క్‌టాప్ మీద కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని మౌస్ చక్రం తిప్పితే ఐకాన్లు కావలసినంత పెద్దవవుతాయి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ 150 శాతం చేస్తే పేర్లు కూడా పెరుగుతాయి. పూలతోట తీసేసి ముదురు నీలం ఒక్క రంగే పెట్టాను, పేర్లు చదవడానికి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది అదే. రైట్ క్లిక్ చేసి వ్యూలో ఆటో అరేంజ్ తీసేయండి, అలైన్ టు గ్రిడ్ ఉంచండి, ఏ ఐకాన్ ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. ఎక్కువగా వాడే ఫోల్డర్లకి ప్రాపర్టీస్‌లో కస్టమైజ్‌కి వెళ్ళి వేర్వేరు ఆకారాల ఐకాన్లు ఇవ్వొచ్చు. మ్యాక్ వాళ్ళకైతే ఫైళ్ళని రకాల వారీగా గుంపు చేసే స్టాక్స్ 2018లో వచ్చిన మొహావీ అనే మ్యాక్‌ఓఎస్ వెర్షన్ నుంచీ సిస్టమ్‌లోనే ఉంది, దీనికోసం ఏమీ కొనక్కర్లేదు.

ఇక ఆ యాప్ ఇప్పటికే మీ కంప్యూటర్‌లో ఉంటే. డెస్క్‌టాప్ మీద ఏదో ఒక ఫైల్‌కి ప్రాపర్టీస్ తెరవండి. టైప్ దగ్గర షార్ట్‌కట్ అని ఉంటే మీ అసలు ఫైళ్ళు వాళ్ళ ఫోల్డర్‌లో ఉన్నట్టే. ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కి ఆ ఫోల్డర్‌కి వెళ్ళండి, అక్కడున్న అసలు ఫైళ్ళనే బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఆ డ్రైవ్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి, మీ కంప్యూటర్‌లోనే చూస్తే షార్ట్‌కట్ కూడా తెరుచుకుంటుంది, తేడా తెలీదు. అన్నీ తెరుచుకున్నాకే అన్‌ఇన్‌స్టాల్ చేయండి, యాప్ డేటా తొలగించాలా అని అడిగితే వద్దు అనండి.