ఆరేళ్లుగా నా సంచిలో ఉన్న 55-250: పొద్దున బంగారం, చీకటి పడితే తలనొప్పి

నా దగ్గరున్నది కెనాన్ ఈఎఫ్-ఎస్ 55-250 ఎంఎం ఎఫ్/4-5.6 ఐఎస్ ఎస్‌టీఎం, దూరంగా ఉన్నవాటిని దగ్గరికి లాగే జూమ్ లెన్స్; ఎంఎం అంకె పెరిగేకొద్దీ ఇంకా దగ్గరగా కనిపిస్తాయి. పేరు కొండవీటి చాంతాడంత ఉంది, ఇక నుంచి 55-250 అనేస్తాను. 2019 జనవరిలో సెకండ్ హ్యాండ్‌లో 8,500 రూపాయలకు కొన్నాను. అప్పటికే కెనాన్ 200డి కెమెరా బాడీ, దాంతో వచ్చిన 18-55 లెన్స్ నా దగ్గర ఉన్నాయి. అమ్మినాయన పాప పుట్టినప్పుడు ముచ్చటపడి రెండు లెన్సుల కిట్ కొన్నాడట, పాపకి ఏడాది నిండేసరికి ఫొటోలన్నీ ఫోన్‌లోనే తీసేస్తున్నాడట. లెన్స్ మీద గీత కూడా లేదు. అలాంటివాళ్లు ఉన్నంతకాలం మనలాంటివాళ్లకి లోటు లేదు.

కొత్తగా కెమెరా కొన్న ప్రతివాళ్లూ నన్నడిగే ప్రశ్న, పక్షులకి 250 చాలుతుందా అని. మీరు ఎక్కడ నిలబడి తీస్తారో చెబితే నేను జవాబు చెప్పగలను. మాది గుంటూరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఊరికి వెళ్లినప్పుడల్లా తెల్లారగట్లే బండి తీసి ఉప్పలపాడు పోతాను. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెరువులో ఉన్న చెట్ల మీదే గూళ్లు పెడతాయి, మనం గట్టు మీద నిలబడితే చాలు. 200డి సెన్సర్ చిన్నది కాబట్టి 1.6తో గుణించుకోవాలి, అంటే 250 దగ్గర ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 400 పెట్టినంత దగ్గరగా కనిపిస్తుంది. ఉప్పలపాడులో గూడబాతు రెక్కలు విప్పి దిగుతుంటే ఒక్కోసారి ఫ్రేమ్ దాటిపోయి, నేనే జూమ్ వెనక్కి లాగాల్సి వచ్చింది.

అదే లెన్స్‌తో మియాపూర్ దగ్గరి అమీన్‌పూర్ చెరువుకి వెళ్లండి. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చెరువు, పక్షులకేం కొదవ లేదు, కానీ అవన్నీ నీళ్ల మధ్యలో ఎక్కడో ఉంటాయి. లకుముకిపిట్ట ఫొటోలో నీలం చుక్కలా వచ్చేది. దాన్ని కంప్యూటర్‌లో కత్తిరించి పెద్దది చేసుకుంటే ఈకల బదులు పిండి అద్దినట్టు ఒక ముద్ద. మొదటి ఏడాది లెన్స్‌నే తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది, నేను గట్టు మీద నిటారుగా నడుచుకుంటూ పోతుంటే ఏ పిట్ట మాత్రం ఆగుతుంది? ఇప్పుడు ఒకచోట గంటసేపు కూర్చుంటాను, అప్పుడప్పుడు పిట్టే దగ్గరికొస్తుంది, రాని రోజు ఇంటి దారి పడతాను.

దూరం సంగతి అలా సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది వెలుతురు, నా ఆరేళ్ల గొడవంతా దాంతోనే.

ఎఫ్ పక్కనున్న అంకె వెలుతురు వచ్చే కంత ఎంతో చెబుతుంది, అంకె పెరిగితే కంత చిన్నదైనట్టు. 55 దగ్గర ఎఫ్/4 ఉంటుంది, జూమ్ చేసేకొద్దీ కంత చిన్నదవుతూ 250కి చేరకముందే 5.6 అయిపోతుంది. ఖరీదైన 2.8 లెన్సుల్లోకి వచ్చే వెలుతురులో ఇది నాలుగో వంతు. కాగితం మీద చదివితే ఏమీ అనిపించదు. మా అక్క కూతురి కూచిపూడి ప్రదర్శన రోజు అర్థమైంది. ఆడిటోరియంలో మూడో వరస, స్టేజి మీద పసుపు లైట్లు. తిల్లానా తీయాలంటే షట్టర్ వేగం కనీసం సెకనులో 1/250 వంతు ఉండాలి, దానికి ఐఎస్ఓ (తక్కువ వెలుతురులోనూ ఫొటో వెలుగుగా వచ్చేలా పెంచే అంకె) 6400 దాకా ఎక్కించాల్సి వచ్చింది. 2.8 లెన్స్ అయితే అదే ఫొటో 1600లో వచ్చేది. పిల్ల ముఖం మీద అంతా ఇసక చల్లినట్టు గ్రెయిన్. షట్టర్ వేగం తగ్గిస్తే చేతులు సాగిపోయి దెయ్యం ఫొటో. అక్క ఆ ఫొటోలు చూసి 'ఫోన్‌లో బావ తీసినవే బాగున్నాయిరా' అంది. పెళ్లి రిసెప్షన్లు, స్కూల్ వార్షికోత్సవాలు, రాత్రి పూట రథోత్సవం, ఇవన్నీ ఇదే లెక్క.

ఇక్కడ చాలామంది ఐఎస్ ఉందిగా, వణుకు తగ్గిస్తుందిగా అంటారు. తగ్గిస్తుంది, కానీ మన చేతి వణుకునే. ఆడే పిల్లనీ ఎగిరే కొంగనీ అది ఆపదు. కదలని వాటికి మాత్రం అద్భుతం. కంపెనీ మూడున్నర స్టాపులు (ఒక్కో స్టాపుకి షట్టర్‌ని రెండింతలు నెమ్మది చేసుకోవచ్చు) అంటుంది, నా చేతుల్లో 250 దగ్గర 1/60 వరకు ధైర్యంగా తీస్తాను, రెండు కాఫీలు తాగిన రోజు 1/125. గుడి గోపురం మీద బొమ్మలు స్టాండ్ లేకుండా ఎన్ని తీశానో.

ఎండ ఉంటే మాత్రం దీనికి ఇచ్చిన డబ్బుకి రెండింతలు పని చేస్తుంది. 250 దగ్గర 5.6లోనే మధ్యలో పదునుగా ఉంటుంది, 7.1కి తెస్తే అంచులు కూడా తేరుకుంటాయి. పొద్దున ఏడు నుంచి తొమ్మిది లోపు తీసిన ఫొటోలు చూపిస్తే ఏ లెన్స్ అని అడుగుతారు, పేరు చెబితే నమ్మరు. ఎవరూ పెద్దగా చెప్పని సుగుణం ఇంకోటుంది. 85 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లినా ఫోకస్ అవుతుంది. మేడ మీద మల్లె కుండీల్లో వాలే తూనీగల కోసం మాక్రో లెన్స్ కొందామనుకుని మానేశాను, ఇదే చాలింది. అమ్మ ఫొటోలు కూడా దీంతో తీసినవే బాగా వచ్చాయి. దూరంగా నిలబడి తీస్తాం కాబట్టి కెమెరా ఉందన్న స్పృహ లేకుండా మామూలుగా నవ్వుతుంది, వెనకాల బట్టలారేసిన తీగ కూడా కరిగిపోతుంది.

చందమామ గురించి కూడా అడుగుతారు. 200డిలో 250 దగ్గర చంద్రుడు దాదాపు 600 పిక్సెళ్ల వెడల్పు వస్తాడు, ఫొటో మొత్తం వెడల్పు 6000. మచ్చలు, అంచున గోతులు తెలుస్తాయి. వాట్సాప్‌లో పెట్టుకోవడానికి భేషుగ్గా ఉంటుంది, గోడకి కట్టడానికి చాలదు.

ఎస్‌టీఎం అనే దీని ఫోకస్ మోటారు చప్పుడు చేయదు, వీడియోల్లో ఇది పెద్ద సుఖం. వేగం కూడా తక్కువేం కాదు, అయితే ఒకసారి తప్పిందంటే దగ్గర నుంచి దూరం దాకా మొత్తం తిరిగి వెతుక్కుంటుంది, ఆ వెతుకులాటకి హద్దు పెట్టే స్విచ్ లేదు. దసరా మర్నాడు కరెంటు తీగ మీద పాలపిట్ట, అంత దగ్గరగా మళ్లీ దొరకలేదు, లెన్స్ వెనకున్న ఆకుల్ని పట్టుకుంది, అది తిరిగొచ్చేలోపు తీగ ఊగుతోంది, పిట్ట లేదు. అప్పటి నుంచి ముందే అంతే దూరంలో ఉన్న స్తంభమో రాయో చూసి ఫోకస్ చేసి పెట్టుకుంటున్నాను. ఎగిరేవాటికి 200డిలో మధ్య ఫోకస్ పాయింట్ ఒక్కటే వాడండి, కూర్చున్నవాటికి లైవ్ వ్యూ (వెనక తెర మీద చూస్తూ తీయడం) పెట్టండి, గురి బాగా కుదురుతుంది. ఇంకోటి, ఫోకస్ రింగ్ కరెంటుతో పనిచేస్తుంది, కెమెరా ఆపేస్తే ఎంత తిప్పినా ఉత్తదే. మొదట్లో పాడైందేమోనని కంగారుపడ్డాను.

బరువు 375 గ్రాములు, రోజంతా మెడలో ఉన్నా నొప్పి రాదు. బిగించే చోటు ప్లాస్టిక్కే, ఆరేళ్లలో అరగలేదు, వదులవ్వలేదు. లెన్స్ ముందు ఎండకి అడ్డుగా పెట్టే హుడ్ విడిగా కొనుక్కోవాలి, నేను తక్కువ ధరకి దొరికిన నకలు పెట్టాను, ఎదురెండలో తేడా తెలుస్తుంది. ఫిల్టర్ సైజు 58, 18-55 ఎస్‌టీఎంకి కూడా అదే కాబట్టి ఒక్కటి కొంటే రెండింటికీ సరిపోతుంది.

ఇక నా నిర్వాకం. 2021 వానాకాలంలో రెండు నెలలు గుంటూరులో ఉండి, లెన్స్‌ని తోలు సంచిలో పెట్టి బీరువాలో పడేశాను. తీసి చూస్తే లోపలి అద్దం మీద సాలెగూడులా సన్నటి దారాలు. ఫంగస్. కోఠీలో ఒక రిపేరు కుర్రాడు విప్పి తుడిచి 1,500 తీసుకున్నాడు, చాలావరకు పోయింది, ఒక మూల చిన్న మచ్చ మిగిలింది, ఫొటోల్లో కనపడదు గానీ నాకు కనిపిస్తుంటుంది. ఇప్పుడు గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెడుతున్నాను. మొత్తం ఖర్చు 300 లోపే.

ఇప్పుడు కొనొచ్చా? కెనాన్ పాత డీఎస్ఎల్ఆర్ ఉండి, పగలు బయట తీసేవాళ్లయితే ఆలోచించక్కర్లేదు. అడాప్టర్ పెడితే కెనాన్ ఆర్50 లాంటి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం) కెమెరాల మీద కూడా పనిచేస్తుంది. వాటికోసమే 2023లో వచ్చిన 55-210 ఇంకా తేలిక, కానీ చివర్లో ఎఫ్/7.1, చీకటి గొడవ ఇంకాస్త పెరుగుతుంది. 75-300 చవగ్గా దొరుకుతుంది, 300 అంకె చూసి టెంప్ట్ అవ్వకండి, ఎక్కువగా దొరికే రకంలో వణుకు తగ్గించే ఐఎస్ లేదు. స్టేజి ప్రోగ్రాములే మీ పనైతే వీటిలో ఏదీ కొనకండి, 85 ఎంఎం ఎఫ్/1.8 చూడండి, జూమ్ ఉండదు కానీ ఏడుపు తప్పుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు లెన్స్ మీద ఎస్‌టీఎం అని ఉందో లేదో చూడండి, ఐఎస్ 2 అని రాసి ఉంటే అది పాత రకం. ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి, దారాలుంటే వద్దని చెప్పేయండి. తర్వాత 250లో పెట్టి దూరంగా ఉన్న షాపు బోర్డు తీసి అక్షరాలు పెద్దవి చేసి చూడండి. ఇవన్నీ బాగుంటే, రబ్బరు రింగులో పేరుకున్న దుమ్ము చూపించి కాసేపు మాట్లాడకుండా నిలబడండి. నాకు ఆయన 500 తగ్గించింది అలాగే.