టెలీ మానస్ 14416: ప్రార్థన చేస్తూనే ఫోన్ చేయదగ్గ నంబరు

ఆందోళనతో నలిగిపోతున్న క్రైస్తవ విశ్వాసి సంఘంలో (చర్చిలో) నోరు విప్పితే చాలాచోట్ల మొదట వినబడేది "విశ్వాసం తగ్గింది, ఇంకా ప్రార్థన చెయ్యి" అన్న మాటే. అది విన్నాక ఇంకెవరికీ చెప్పుకోబుద్ధి కాదు. అలాంటివారికి ఇంట్లో కూర్చునే అందుకోగలిగిన సాయం టెలీ మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఇది, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ మార్గదర్శకత్వంలో నడుస్తోంది. 14416కి రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మొదట మాట్లాడేది శిక్షణ పొందిన కౌన్సెలర్. అవసరాన్ని బట్టి సైకాలజిస్టుకో సైకియాట్రిస్టుకో కలుపుతారు, లేదా ప్రభుత్వ ఆసుపత్రికి పంపుతారు.

సంఘాల్లో ఉన్నవారికి దీన్ని మేము గట్టిగానే సిఫారసు చేస్తాం. అయితే కాల్ ఫలితం చాలావరకు మీరు చెప్పే వివరాల మీద ఉంటుంది. "గాభరాగా ఉందండీ" అని ఊరుకుంటే అవతలివారికి ఏమీ తెలియదు. ముందే ఒక కాగితం మీద రాసుకోండి: ఎన్ని నెలలుగా ఉంది, వారంలో ఎన్ని రోజులు, నిద్ర ఎన్ని గంటలు, దడ వస్తే ఎంతసేపు ఉంటుంది, రోజుకు ఎన్ని టీలు, ఏ మాత్రలు వాడుతున్నారు. థైరాయిడ్ సమస్య, రక్తహీనత కూడా గుండెదడ తెప్పిస్తాయి కాబట్టి ఆ పరీక్షలు చేయించారో లేదో కూడా రాయండి. ప్రార్థన, ఉపవాసం గురించి దాచకండి. ఉపవాసం ఎన్ని పూటలో చెబితేనే నీరసం ఎక్కడిదో, ఆందోళన ఎక్కడిదో వాళ్ళకు అర్థమవుతుంది.

ఆందోళనకు సాధారణంగా నేర్పేవాటిలో ఊపిరి అభ్యాసం ఒకటి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి, ఐదు నిమిషాలు. వదలడం నిదానమైతే గుండె వేగం తగ్గుతుంది. విశ్వాసికి అంకెలు అక్కర్లేదు, 23వ కీర్తన చాలు. పీలుస్తూ మనసులో "యెహోవా నా కాపరి", వదులుతూ మెల్లగా "నాకు లేమి కలుగదు". దడ వచ్చినప్పుడే మొదలుపెడితే కుదరదు. నెమ్మదిగా ఉన్న వేళల్లో రోజుకు రెండుసార్లు అలవాటు చేసుకోవాలి. చాలామంది ఇక్కడే తప్పిపోతారు.

"దేనినిగూర్చియు చింతపడకుడి" అన్న వచనాన్ని గద్దింపుగా వాడేవారు ఒక సంగతి మరిచిపోతున్నారు. ఫిలిప్పీయులకు ఆ మాట రాసిన పౌలు అప్పుడు బంధకాల్లో ఉన్నాడు. అదే పౌలు 2 కొరింథీయులకు 11:28లో, సంఘములన్నిటినిగూర్చిన చింత తనకు ఉందని దాచకుండా చెప్పాడు. చావు కోరుకున్న ఏలీయాకు 1 రాజులు 19లో దేవుడు ముందు నిద్ర, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, ఆ తర్వాతే మాట్లాడాడు. శరీరానికి చేసే సాయం అవిశ్వాసం ఎలా అవుతుంది?

డాక్టరు మందులు రాస్తే, వాటిని మధ్యలో మానేసే ప్రమాదం అక్కడ మొదలవుతుంది. ఆందోళనకు ఎక్కువగా ఇచ్చే ఎస్ఎస్ఆర్ఐ మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో వికారం, కంగారు కాస్త పెరగొచ్చు. "మాత్రలు పడట్లేదు, దేవుడు వద్దంటున్నాడు" అని చాలామంది ఆ మొదటి రోజుల్లోనే ఆపేస్తారు. ఇంకొందరు నెమ్మది రాగానే, దేవుడు బాగుచేశాడని సంఘంలో సాక్ష్యం చెప్పాలని ఒక్కసారిగా మానేస్తారు. తలతిరుగుడు, నిద్రలేమి వచ్చి, జబ్బు తిరగబెట్టిందని భయపడతారు. తగ్గించడం డాక్టరు చెప్పినట్టు మెల్లగా జరగాలి. ఉపవాస దినాన మాత్ర ఎలా వేసుకోవాలో ముందే ఆయన్నే అడగండి. తెల్లవార్లూ సాగే కూడికలు కొన్నాళ్ళు వద్దు. నిద్ర తగ్గితే మర్నాడు ఆందోళన పెరుగుతుంది.

ఈ సేవకు హద్దులున్నాయి. ఇది ప్రభుత్వ సేవ, కాబట్టి కౌన్సెలర్ మీతో కలిసి ప్రార్థిస్తారని ఆశించకండి. వారం వారం ఒకే మనిషితో సాగే థెరపీకి ఫోను చాలదు. అది కావాలంటే జిల్లా ఆసుపత్రిలోని మానసిక విభాగానికో, హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆసుపత్రులకో వెళ్ళాలి. ఛాతీనొప్పి చేతికి పాకినా, స్పృహ తప్పినా ముందు 108కే చేయండి. 14416 దేశంలో ఉన్నవారి కోసం. అమెరికాలో ఉన్న తెలుగువారు ప్రాణం తీసుకోవాలన్నంత బాధలో ఉంటే 988కి చేయాలి.

పాస్టరుగార్లకు ఒక మనవి. ఆదివారం ప్రకటనల్లో ఈ నంబరు చదవండి, నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ఎవరు ఫోన్ చేశారో, ఏం మాట్లాడారో అడగకండి. ప్రార్థన మనవుల్లో ఆందోళనతో బాధపడేవారి పేరు, జబ్బు వారి అనుమతి లేకుండా మైకులో చెప్పకండి.