మట్టిదారి టూ స్ట్రోక్ బండికి ఏ పైపు మేలు: కంపెనీ సైలెన్సరా, పొట్టి చాంబరా, పొడుగు చాంబరా?

మా గోదావరి డెల్టాలో మట్టిదారుల కోసం సిద్ధం చేసే టూ స్ట్రోక్ బండి చాలావరకు పాత యమహా ఆర్‌ఎక్స్ 100, లేకపోతే ఆర్‌ఎక్స్ 135 అయి ఉంటుంది. బటన్ టైర్లు వేసి, ముందు మడ్‌గార్డు పైకెత్తి, వెడల్పు హ్యాండిల్ బిగించిన తరవాత తేల్చుకోవలసింది సైలెన్సర్ సంగతి. కంపెనీది ఉంచాలా, మధ్యలో పొట్టలా ఉబ్బి మళ్లీ సన్నబడే చాంబర్ పైపు వేయాలా, వేస్తే పొట్టిదా, పొడుగుదా? ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన ఏటిగట్ల మీద, పుంతల్లో (పొలాల మధ్య బండిదారుల్లో), లంకల్లో ఈ మూడింటినీ ఒకే ఆర్‌ఎక్స్ 100కు మార్చి మార్చి బిగించి నడిపాను. ఈ నేలకు పొడుగు చాంబరే మేలని, అది కుదరనప్పుడు మంచి స్థితిలో ఉన్న కంపెనీ సైలెన్సరే నయమని, పొట్టి చాంబర్ ఆ రెండింటి తరవాతేనని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు పైపు లోపల జరిగే పనిని చూడాలి.

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పొగ పోయే దారిని తెరిచి మూసేది పిస్టనే. అది కిందికి దిగేటప్పుడు ముందు పొగ బయటికి పోయే రంధ్రం, అంటే ఎగ్జాస్ట్ పోర్టు, ఆ వెంటనే పెట్రోలూ గాలీ కలిసిన కొత్త చార్జి వచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టులు తెరుచుకుంటాయి. పైకి వచ్చేటప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టులు ముందు మూసుకుని, ఎగ్జాస్ట్ పోర్టు ఆఖరున మూసుకుంటుంది. ఆ వ్యవధిలో కొత్త చార్జి కొంత పొగ వెంటే బయటికి జారిపోతుంది. ఈ నష్టాన్ని ఆపడానికే చాంబర్ పైపుకు ఆ ఆకారం ఇచ్చారు. పోర్టు తెరుచుకోగానే బయల్దేరిన ఒత్తిడి అల, పైపు వెడల్పయ్యే చోట లాగుడు అలగా మారి వెనక్కి వచ్చి, సిలిండర్‌లో మిగిలిన పొగను ఊడ్చి కొత్త చార్జిని పైకి లాగుతుంది. మిగతా అల పొట్ట దాటి, పైపు సన్నబడే చోట తగిలి, ఈసారి తోపుడు అలగా తిరిగి వచ్చి, బయటికి జారిన చార్జిని పోర్టు మూసుకునేలోపు మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. తూర్పు జర్మనీలోని ఎమ్‌జెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో ఈ అలల మీద ఏళ్ల తరబడి పనిచేసి, 1961 నాటికి 125 సీసీ రేసు ఇంజిన్ నుంచి 25 హార్స్‌పవర్ రాబట్టారు. మన ఆర్‌ఎక్స్ 100 ఇచ్చేది 98 సీసీకి 11 హార్స్‌పవర్ అని గుర్తుచేసుకుంటే ఆ పని విలువ తెలుస్తుంది.

అల వెళ్లి రావడానికి పట్టే కాలం పైపు పొడవును బట్టి ఉంటుంది. పోర్టు తెరిచి ఉండే కాలం ఇంజిన్ వేగాన్ని బట్టి ఉంటుంది. ఆ రెండు కాలాలూ ఎక్కడ కలిస్తే అక్కడ బండి లాగుతుంది. వేడి పొగలో అల సెకనుకు సుమారు 510 మీటర్లు పోతుందనుకుని, ఇంజిన్ తిరిగే ఒక్కో చుట్టులో పోర్టు 180 డిగ్రీలు, అంటే సగం చుట్టు, తెరిచి ఉంటుందని లెక్క కడితే, 9,000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర అల వేళకు రావడానికి పైపు పని పొడవు 85 సెంటీమీటర్లు ఉండాలి, 7,000 దగ్గర రావడానికి 109 సెంటీమీటర్లు ఉండాలి. పొట్టి చాంబర్ అన్నా పొడుగు చాంబర్ అన్నా అసలు తేడా ఈ పాతిక సెంటీమీటర్లలోనే ఉంది.

ఇక నేల సంగతి. ఇక్కడ కొండలు లేవు, ఎగుడు దారులు లేవు, అందుకని టాప్ స్పీడు ఇచ్చే పైపే మేలని తోస్తుంది. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. అయితే దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యి, కాలువలు కట్టేసిన ఆ కొద్ది వేసవి వారాలు తప్పిస్తే, డెల్టా మట్టి ఎప్పుడూ ఎంతో కొంత తడిగానే ఉంటుంది. ఒండ్రు మీద నాలుగు చినుకులు పడితే బటన్ టైరు గళ్లలో బంకమట్టి నిండి టైరు నున్నగా అయిపోతుంది. ఏటిగట్టు ఎక్కే ర్యాంపు పది పన్నెండు బారల కన్నా ఉండదు, కాని నిటారుగా ఉంటుంది, పైగా దాన్ని పరుగు తీసి ఎక్కడానికి ముందు చోటు ఉండదు. పుంతల్లో బళ్ల గాళ్లు లోతుగా పడి ఉంటాయి. ఇలాంటి చోట బండి అడుగు వేగం నుంచి, తక్కువ ఆర్‌పీఎమ్‌లో, కుదుపు లేకుండా లాగాలి. శక్తి ఒక్కసారిగా వచ్చిపడితే వెనక చక్రం ఉన్నచోటే తిరిగి గొయ్యి తవ్వుకుంటుంది.

పొట్టి చాంబర్‌లో నాకు కనిపించిన లోపం సరిగ్గా ఇదే. కింది వేగంలో దాని తోపుడు అల వేళకు ముందే వచ్చి, కాలిన పొగను తిరిగి సిలిండర్‌లోకి నెడుతుంది. ఇంజిన్ గొణుగుతూ, ప్లగ్గు తడుపుకుంటూ నడుస్తుంది. ఆర్‌పీఎమ్ ఒక గీత దాటగానే బండి ఎగిరిపడినట్టు ముందుకు దూకుతుంది. గట్టి నేల మీద వేసిన డర్ట్ ట్రాక్‌లో, పందెపు గేరు బాక్సుతో, దానికి సాటి లేదని ఒప్పుకోవాలి. కాని ఆర్‌ఎక్స్ 100కు ఉన్నవి 4 గేర్లే. గేరు మార్చిన ప్రతిసారీ ఆర్‌పీఎమ్ ఆ ఇరుకైన లాగుడు పట్టీ (బండి బాగా లాగే ఆర్‌పీఎమ్‌ల మేర) కిందికి పడిపోతుంది, అక్కడి నుంచి మళ్లీ పైకి రావడానికి క్లచ్ నలగాల్సిందే. వెనక పళ్లచక్రం పెద్దది వేస్తే కొంత నయమవుతుంది, పూర్తిగా పోదు. లంకల్లో పొడి ఇసుక మీద రెండో గేరులో ఆపకుండా పోయినంతసేపు మాత్రం ఈ పైపు నన్ను సంతోషపెట్టింది; ఇసుకలో ఒకసారి ఆగి మళ్లీ కదలాల్సి వచ్చినప్పుడు ఆ సంతోషం పోయింది.

ఆ పైపుతోనే నా పిస్టన్ వేడికి సిలిండర్‌లో బిగుసుకుని పట్టేసింది కూడా. తప్పు పొట్టితనానిది కాదు. చాంబర్ చేసిచ్చిన మేస్త్రి కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే మెయిన్ జెట్టు మార్చాలని చెప్పలేదు, నేను అడగలేదు. చాంబర్ సిలిండర్ గుండా ఎక్కువ గాలి లాగుతుంది కాబట్టి పెట్రోలు కూడా దానికి తగినంత పెరగాలి. కొత్త పైపు వేశాక ఫుల్ థ్రాటిల్‌లో కొంతదూరం పోయి, ఇంజిన్ ఆపి, ప్లగ్గు విప్పి చూడాలి. పింగాణీ కాఫీపొడి రంగులో ఉంటే సరిపోయినట్టు. తెల్లగా ఉంటే ఇక ఒక్క ఫర్లాంగు కూడా నడపకుండా పెద్ద జెట్టు వేయాలి.

కంపెనీ సైలెన్సర్‌ను చిన్నచూపు చూడకూడదు. 7,500 ఆర్‌పీఎమ్ దగ్గర 11 హార్స్‌పవర్ ఆ పైపుతో వచ్చినవే, కింది లాగుడు కూడా మెత్తగా, నమ్మకంగా ఉంటుంది. దానికున్న ఇబ్బందులు రెండు. తోక కిందికి ఉండడం వల్ల మోకాలి లోతు నీళ్లలో ఇంజిన్ ఆగితే నీరు లోపలికి పోతుంది. ఇక, టూ స్ట్రోక్ ఇంజిన్‌కు వాడే 2టి ఆయిల్ మసి బ్యాఫిల్‌లో (చప్పుడు తగ్గించే లోపలి గొట్టంలో) పేరుకుంటే బండి క్రమంగా బరువెక్కినట్టు అవుతుంది, దాన్ని తీసి శుభ్రం చేయించుకోవాలి. మసి బాధ వదుల్చుకోవడానికి బ్యాఫిల్‌నే పీకేసేవారున్నారు. అలా చేస్తే చప్పుడు పెరిగి, కింది లాగుడు పోతుంది. ఈ మూడు దారుల్లో దేనికన్నా అది అధ్వాన్నం.

పొడుగు చాంబర్ 5,000 దాటక ముందే లాగడం మొదలుపెట్టింది. గట్టు ర్యాంపును రెండో గేరులో, క్లచ్ ముట్టుకోకుండా ఎక్కగలిగాను. పై వేగంలో అది త్వరగా ఆయాసపడుతుంది, తారు రోడ్డు మీద కంపెనీ సైలెన్సర్ బండి దాన్ని దాటిపోవచ్చు. నీళ్ల విషయంలో కూడా ఈ పైపే నెమ్మదస్తురాలు. మురుగు కోడు దాటేటప్పుడు చల్లనీరు తగిలి పైపు చల్లబడితే లోపలి అల వేగం తగ్గుతుంది, లాగుడు వచ్చే చోటు కిందికి జరుగుతుంది. పొట్టి చాంబర్‌కు ఆ ఇరుకైన పట్టీయే ఆధారం కాబట్టి తడిసినప్పుడల్లా బండి తీరు మారిపోతుంది; పొడుగు చాంబర్‌లో పట్టీ వెడల్పు కాబట్టి ఆ తేడా అంతగా తెలియదు. చేయించేటప్పుడు తోకను సీటు ఎత్తుకు లేపించుకోవాలి. చివరి సన్నగొట్టం కొలత మీద కన్నుంచాలి: మరీ సన్నమైతే వేడి నిలిచి పిస్టన్ దెబ్బతింటుంది, మరీ లావైతే పైపులో ఉండాల్సిన ఒత్తిడి ఉండదు.

రేకు మందం, పూత కూడా ఎంపికలో భాగమే. కొబ్బరితోటల్లో మొద్దులు, గట్ల మీద రాళ్లు పైపు పొట్టను సొట్టలు పెడతాయి, పెద్ద సొట్ట అల దారినే మార్చేస్తుంది. బయటి దేశాల్లో ఎన్‌డ్యూరో (అడవి, మట్టి దారుల దూరపు పందెం) బండ్లకు ఎఫ్‌ఎమ్‌ఎఫ్ అనే పైపుల కంపెనీ వారు అమ్మే వాటిల్లోనూ ఈ తేడా ఉంది: నార్లీ అనేది మందపు రేకుతో, కింది లాగుడు కోసం చేసింది, ఫ్యాటీ తేలికైనది, మధ్య, పై వేగాలకు అనువైనది. మన నేలకు నేనైతే మొదటి తరహానే కోరుకుంటాను. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి పూత లేని ఇనుము చూస్తుండగానే తుప్పెక్కుతుంది. క్రోమో నికెలో పూత వేయించుకోవాలి, లేదా నడిపి వచ్చిన ప్రతిసారీ మట్టి కడిగి, ఆరాక నూనెగుడ్డతో తుడవాలి.

చప్పుడు గురించి నాకు గట్టి పట్టింపు ఉంది. ఏటిగట్టును ఆనుకునే ఇళ్లుంటాయి, పశువుల పాకలుంటాయి, పసిపిల్లలు నిద్రపోతుంటారు. చాంబర్ ఏదైనా దాని చివర గాజుదూది నింపిన సైలెన్సర్ తప్పక ఉండాలి, ఆ దూది నూనెతో తడిసి గట్టిపడ్డాక మార్చాలి. శబ్ద ప్రమాణాలను మీరిన బండిని రోడ్డు మీదికి తెస్తే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. లైసెన్సు కూడా 3 నెలలు పోతుంది. అందుకే నేను చాంబర్‌ను, దానికి సరిపడే జెట్టును ఒకే సంచిలో దాచి, తోటలోకి చేరాకే బిగిస్తాను. ఇంటికి బయల్దేరే ముందు కంపెనీ సైలెన్సర్‌నూ పాత జెట్టునూ తిరిగి పెడతాను. రెండు నట్లు, ఒక గ్యాస్కెట్, కార్బొరేటర్ అడుగు గిన్నె విప్పే పని, అరగంటలో అయిపోతుంది.