ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్: ఆలస్యమైన విమానం, చేతికొచ్చిన పరిహారం

జర్మనీలో ఉండే మాలాంటి వాళ్లకి ఇంటికెళ్లడానికి గల్ఫ్ దారే అలవాటు. టికెట్ చవక, లగేజీ ఎక్కువ. తిరిగొచ్చేటప్పుడు ఊరగాయలు, కారప్పొడులు మోసుకొచ్చేవాళ్లకి ఆ రెండో సంగతి చిన్నదేం కాదు. ఈసారి నేను, మా ఆవిడ, బాబు, మూడు నెలల వీసా మీద వచ్చి తిరిగి వెళ్తున్న అమ్మ కలిసి బయల్దేరాం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎక్కి గల్ఫ్‌లో మారాలి. రెండు విమానాలూ ఒకే బుకింగ్, ఒకే పీఎన్నార్. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం.

బోర్డింగ్ మొదలవుతుందనగా స్క్రీన్ మీద టైము గంట వెనక్కి జరిగింది. కాసేపటికి ఇంకో గంట. అలా జరిగి జరిగి నాలుగు గంటలు దాటింది. గేటు దగ్గర అమ్మాయి కూపన్లు పంచింది కానీ, అవి చెల్లే దుకాణాల్లో శాకాహారం అంటే ఉప్పు రాలే ప్రెట్జెల్, మంచినీళ్ల సీసా, అంతే. చివరికి విమానం ఎక్కాక కెప్టెన్ మైకులో హైడ్రాలిక్ పంపు మార్చాల్సొచ్చిందని చెప్పి క్షమించమన్నాడు. ఆ ముక్క, టైముతో సహా ఫోన్‌లో రాసిపెట్టుకున్నాను. తర్వాత నడిచిన ఉత్తరాల్లో అన్నిటికన్నా పనికొచ్చింది అదే.

గల్ఫ్‌లో దిగేసరికి హైదరాబాద్ విమానం వెళ్లిపోయింది. ట్రాన్స్‌ఫర్ డెస్క్ దగ్గర లైను కొండవీటి చాంతాడు. అయినా అక్కడి సిబ్బంది ఫ్రాంక్‌ఫర్ట్ కంటే వంద రెట్లు నయం. అమ్మకి అడక్కుండానే వీల్‌చైర్ తెచ్చారు, మర్నాటి విమానంలో నలుగురికీ సీట్లు వేశారు, హోటల్‌కి వెళ్లడానికి ఇమ్మిగ్రేషన్ పని కూడా వాళ్లే చూసుకున్నారు. హోటల్ గది శుభ్రంగా ఉంది. అర్ధరాత్రి దాటినా బఫే ఉంచారు, పప్పూ అన్నమూ దొరికాయి. చెక్‌ఇన్ సామాను మాత్రం చేతికివ్వలేదు. అమ్మ బీపీ మాత్రలు చేతి సంచిలో ఉండబట్టి సరిపోయింది.

హోటల్, భోజనం ఇచ్చేశారు కాబట్టి లెక్క తీరిపోయిందనుకునేవాళ్లే మనలో ఎక్కువ. తీరలేదు. అవి వేరు, పరిహారం వేరు. యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన 2005 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. గమ్యానికి మూడు గంటలు, ఆపైన ఆలస్యంగా చేరితే 1500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 250 యూరోలు, 3500 దాటిన దానికి 600, మధ్యలో వాటికి 400. యూనియన్ లోపల ఎంత దూరమైనా 400 మించదు. 3500 దాటినా ఆలస్యం నాలుగు గంటల్లోపే అయితే సగానికి తగ్గించుకునే వీలు కంపెనీకుంది. టికెట్ ఎంతకు కొన్నామన్నదానితో పనిలేదు. ఆలస్యానికీ డబ్బివ్వాలని యూరప్ న్యాయస్థానం తేల్చింది 2009లో. మామూలు యంత్రలోపం, పరిహారం ఇవ్వక్కర్లేని ‘అసాధారణ పరిస్థితి’ కిందికి రాదని అంతకు ముందే, 2008లో చెప్పింది. తుఫాను, గగనతలం మూసివేత లాంటివైతే పైసా రాదు.

మాది యూరప్ కంపెనీ కాదు, విమానం తప్పింది గల్ఫ్‌లో. అయినా బయల్దేరింది యూరప్ నుంచి కాబట్టి చెల్లుతుంది. బెర్లిన్ నుంచి కాసాబ్లాంకా మీదుగా అగాదీర్ వెళ్లిన ప్రయాణికురాలి కేసులో 2018లో అదే తీర్పు వచ్చింది: ఒకే బుకింగైతే మొత్తం ఒకే ప్రయాణం. అదే రెండు టికెట్లు విడివిడిగా కొనుంటే మొదటి విమానం ఆలస్యమే లెక్కలోకొచ్చేది.

“ఎందుకురా ఈ గొడవ, క్షేమంగా చేరాం కదా” అంది అమ్మ. అయినా కంపెనీ వెబ్‌సైట్‌లో నలుగురికీ క్లెయిమ్ పెట్టాను. బాబుకి సొంత సీటు, టికెట్ ఉన్నాయి కాబట్టి వాడికీ పూర్తి మొత్తమే. మొదట ‘నిర్వహణ కారణాలు’ అని ఒక అచ్చు జవాబొచ్చింది. పంపు సంగతి రాస్తే వోచర్ ఇస్తామన్నారు, అంకె చూస్తే 600 కన్నా ఎక్కువే. మనం సంతకం పెట్టి ఒప్పుకుంటే తప్ప వోచర్‌తో సరిపెట్టే హక్కు వాళ్లకి లేదు. మళ్లీ అదే కంపెనీలో, ఏడాదిలోపు ఎగరాల్సిన వోచర్ నాకెందుకు? వద్దన్నాను. ఈలోగా అమ్మ తరఫున నేను డబ్బు తీసుకోవడానికి ఆవిడ సంతకం కావాలన్నారు. పాస్‌పోర్టులో ఉన్నట్టే తెలుగులో పెట్టి పంపితే, స్పష్టంగా లేదు మళ్లీ పంపమన్నారు. సాగదీసే పద్ధతులు ఇలాగే ఉంటాయి.

క్లెయిమ్ ఏజెన్సీలు అన్నీ తామే చూసుకుంటామంటాయి గానీ, వచ్చినదాంట్లో పావు వంతు నుంచి మూడో వంతు దాకా, కోర్టుకెళ్తే ఇంకా ఎక్కువే, పట్టుకుంటాయి. కారణం ఇంత స్పష్టంగా ఉన్న కేసుకి అది దండగ. జర్మనీలో ప్రయాణ తగాదాలు తీర్చే మధ్యవర్తిత్వ సంస్థ బెర్లిన్‌లో ఉంది, ప్రయాణికుల దగ్గర ఫీజు తీసుకోదు. ముందు కంపెనీని అడిగి, కాదన్నాకో, రెండు నెలలు చూశాకో అక్కడికి వెళ్లాలి. అక్కడికి వెళ్తున్నానని రాశాక మా కంపెనీ వోచర్ మాట మానేసి 2400 యూరోలు ఖాతాలో వేసింది.

అసలు మెలిక దిశలో ఉంది. ఇదే కంపెనీ, ఇదే ఆలస్యం, హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చేటప్పుడైతే ఈ 600 లేదు. యూరప్‌కి వచ్చే దారిలో, నడిపేది యూరప్ కంపెనీ అయితేనే ఈ నిబంధన వర్తిస్తుంది. హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్ నేరుగా నడిపే లుఫ్తాన్సాలో రెండు వైపులా రక్షణ ఉన్నట్టే. హైదరాబాద్–లండన్ బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కీ అంతే, అక్కడ బ్రిటన్ సొంత నిబంధన కింద 520 పౌండ్లు. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాల్లో ఆలస్యానికి టిఫినూ భోజనమూ ఉన్నాయి, ఆరు గంటలు దాటితే వేరే విమానమో రీఫండో ఉంది, నగదు పరిహారం మాత్రం లేదు. నిజంగా నష్టపోయామని చూపించగలిగితే విమాన ప్రయాణ నష్టాల మీద ఉన్న అంతర్జాతీయ మాంట్రియల్ ఒప్పందం పట్టుకుని వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. ఓపిక ఉండాలి.

అమ్మ మళ్లీ వచ్చేటప్పుడు నేరుగా వచ్చే విమానమే తీస్తాం. మేం నలుగురం కలిసి వెళ్లే ప్రయాణానికి మాత్రం ధర తేడా చూస్తే గల్ఫే గతి. పాత ఆలస్యాలున్నవాళ్లు ఈమెయిళ్లు ఒకసారి వెతుక్కోండి: జర్మనీ చట్టం కింద గడువు, ప్రయాణం జరిగిన ఏడాది ముగిశాక మూడేళ్లు.