‘రెడ్ కబోంబా’ అని ఆన్‌లైన్లో మొక్కలు కొంటున్నారా? ముందు కణుపు చూడండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లలో అక్వేరియం పెట్టుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ‘రెడ్ కబోంబా, పది కాడలు, తక్కువ లైటు చాలు, సీఓటూ అక్కర్లేదు, కొత్తవాళ్లకి బెస్ట్’ అని ఆన్‌లైన్లో ఒక ప్రకటన తిరుగుతోంది. కబోంబా అంటే అక్వేరియంలో పెంచే నీటిమొక్క, సీఓటూ అంటే మొక్కల కోసం ట్యాంక్ నీళ్లలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్. గులాబీ రంగు కుచ్చుల ఫొటో, చూస్తే వదలబుద్ధి కాదు. కొరియర్‌తో కలిపి 480 రూపాయలు పెట్టి తెప్పించాను. వచ్చింది ఎరుపు కాదు సరికదా, అసలు కబోంబాయే కాదు. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. అదే ఫొటో, అవే మాటలు వేరే వేరే అమ్మకందార్ల దగ్గర కూడా కనబడుతున్నాయి, కాబట్టి పేరు తెలిసినా పెద్దగా ఉపయోగం లేదు. మొక్కని గుర్తుపట్టడం తెలియాలి.

పార్సిల్లో తడి పేపర్ చుట్టి పచ్చటి కాడలు పంపారు. కింది సగం మెత్తబడి వాసన కొడుతోంది. ఫొటో తీసి పంపితే వచ్చిన జవాబు: ‘సార్, ఎరుపు మీ లైటుని బట్టి వస్తుంది. కొన్నాళ్లు ఆగండి.’

ఇందులో సగం నిజం ఉండబట్టే చాలామంది నమ్మి ఊరుకుంటారు. కబోంబా ఫర్కేటా అనే ఎర్ర రకం వెలుతురు తగ్గితే నిజంగానే రంగు దిగిపోతుంది. అయితే రంగు మారినా ఆకులు పుట్టే తీరు మారదు. కబోంబాకి కణుపు దగ్గర ఎదురెదురుగా రెండు ఆకులు వస్తాయి, ఎర్ర రకంలో ఒక్కోసారి మూడు. ప్రతి ఆకుకీ చిన్న తొడిమ ఉంటుంది, ఆ తొడిమ చివర ఆకు విసనకర్రలా విచ్చుకుని సన్నటి పోగులుగా చీలుతుంది. నాకు వచ్చినదానికి తొడిమే లేదు. కణుపు చుట్టూ ఆరేడు ఆకులు కాడకి అంటుకుని పుట్టాయి. అది లిమ్నోఫిలా, అక్వేరియం వాళ్లు అంబులియా అంటారు. దూరం నుంచి, అందులోనూ ఫొటోలో, రెంటికీ తేడా తెలియదు. కణుపు దగ్గర వేలు పెట్టి చూస్తే చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు.

పనిలో పనిగా ఇలాగే కుచ్చుల్లా ఉండే మిగతా నీటిమొక్కల సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే ఇవన్నీ ఒకదాని పేరుతో ఒకటి అమ్ముడుపోతున్నాయి. మిరియోఫిలం ఆకు అచ్చం పక్షి ఈకే: మధ్యలో ఒక ఈనె, దానికి రెండువైపులా పోగులు, కణుపు చుట్టూ సాధారణంగా నాలుగైదు ఆకులు. హార్న్‌వర్ట్‌కి వేళ్లుండవు, ఆకు గరుకుగా ఉండి చివర రెండుగా చీలుతుంది, పట్టుకుంటే పుటుక్కున విరుగుతుంది.

ఆమదాలవలస దగ్గర వ్యవసాయం చేసే మా మావయ్య ఆ వారమే ఇంటికొచ్చారు. ట్యాంక్ ముందు కాసేపు నిలబడి, ‘ఇదేటి, మా మడిలో కలుపు కాదేటిరా ఇది? దీన్ని డబ్బులిచ్చి కొన్నావేటి?’ అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లిమ్నోఫిలా రకాలు మన వరి మళ్లలో కలుపుగా పెరిగేవే. అలాగని చెడ్డ మొక్క కాదు, ట్యాంకులో చక్కగా పెరుగుతుంది కూడా. దాని పేరు చెప్పి, దాని ధరకి అమ్మితే ఎవరూ కాదనరు.

అసలు నిజమైన ఎర్ర కబోంబా వచ్చినా ‘కొత్తవాళ్లకి బెస్ట్’ అన్నది పచ్చి అబద్ధం. దానికి గట్టి లైటు, సీఓటూ, తగినంత ఐరన్, అన్నిటికీ మించి కాస్త ఆమ్లగుణం ఉన్న సాఫ్ట్ వాటర్ (సున్నం తక్కువున్న నీళ్లు) కావాలి. మా వీధిలో బోరు నీళ్లు ఎలాంటివంటే గీజర్ కాయిల్ మీద, కుళాయి మూతి చుట్టూ తెల్లపొర కట్టేస్తుంది. అలాంటి హార్డ్ వాటర్లో ఈ మొక్క కింద నుంచి ఆకులు రాల్చుకుంటూ కరిగిపోతుంది, రాలిన పోగులన్నీ ఫిల్టర్లో చిక్కుకుంటాయి. ఆర్వో నీళ్లు కలిపి నడిపించేవాళ్లు ఉన్నారు, కానీ ప్రతిసారీ నీళ్లు మార్చినప్పుడు ఆ పని తప్పదు. పైగా మన మే నెలలో గదిలో ట్యాంక్ నీళ్లు 30 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడికి కబోంబా తట్టుకోవడం కష్టం. ఇవేవీ చెప్పకుండా అమ్మి, మొక్క చచ్చిపోయాక ‘మీ మెయింటెనెన్స్ బాలేదు’ అనడం వీళ్లకి వ్యాపారంలో భాగమైపోయింది.

మొక్కతో పాటు వచ్చినవి ఇంకో టెన్షన్. ఆకుల కింద జిగురు ముద్దల్లాంటి నత్త గుడ్లు సరే, వాటిని ముందే ఊహించాను. కాడల మధ్య నుంచి ఒక తూనీగ లార్వా బయటపడింది. ఇది చిన్న చేపల్ని పట్టి తినే పురుగు. గప్పీ చేపపిల్లలున్న ట్యాంకులో ఇది చేరితే పిల్లలు ఎలా తగ్గిపోతున్నాయో కూడా అర్థం కాదు. నా అదృష్టం, మొక్కల్ని ఇంకా బకెట్లోనే ఉంచాను. ఎక్కడ కొన్నా సరే, మొక్కని కొన్నాళ్లు విడిగా బకెట్లో ఉంచి, నీళ్లు మారుస్తూ, ఆకులు తిరగేసి చూశాకే ట్యాంకులో పెట్టండి. ట్యాంకులో చిన్న రొయ్యలు పెంచేవాళ్లయితే మరీనూ, పురుగుమందు కొట్టిన మొక్క పెడితే ముందు పోయేవి అవే.

‘కబోంబా సీడ్స్’ అని చిన్న ప్యాకెట్లు కూడా అమ్ముతున్నారు. వాటి జోలికి అసలు పోకండి. కబోంబాని కాడ ముక్కలతోనే పెంచుతారు.

కొనేముందు అమ్మేవాళ్లని రెండే అడగండి: ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి తీసిన మొక్క ఫొటో, కణుపు కనబడేలా ఒక దగ్గరి ఫొటో. నేను తర్వాత గూగుల్ లెన్స్‌లో వెతికితే వాళ్లు పెట్టిన గులాబీ ఫొటో విదేశీ సైట్లలో కనబడింది. సోమవారం బయల్దేరేలా పంపమనండి, లేకపోతే పార్సిల్ ఆదివారం వైజాగ్‌లోనో ఇంకెక్కడో గోడౌన్లో ఉడుకుతూ కూర్చుంటుంది. విప్పేటప్పుడు కట్ లేకుండా వీడియో తీయండి. నా దగ్గర ఆ వీడియో ఉన్నా ‘లైవ్ ప్లాంట్స్‌కి రిటర్న్ లేదు’ అన్నారు. ఆ మాట చెల్లదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకుని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఆన్‌లైన్ సంస్థ ఫిర్యాదుల అధికారి మన ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. నేను ప్రకటన స్క్రీన్‌షాట్, వీడియో జతచేసి ఫిర్యాదు పెట్టాను. వాళ్లు కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ప్రకటన స్క్రీన్‌షాట్ మాత్రం కొనేరోజే తీసి పెట్టుకోండి, గొడవ మొదలయ్యాక వాళ్లు పేజీలో మాటలు మార్చేస్తారు.

ఒకవేళ ఎవరికైనా నిజమైన కబోంబా దొరికి, ఎక్కువైపోయి తీసేయాల్సి వస్తే, నాగావళిలోనో ఊరి చెరువులోనో, చివరికి కాలవలోనైనా పారేయకండి. చిన్న కాడ ముక్క చాలు, మళ్లీ మొలుస్తుంది. కేరళలో కోళికోడ్ జిల్లా పేరాంబ్ర దగ్గర 2020లో నీళ్లంతా గులాబీ పూలతో నిండితే జనం ఫొటోల కోసం ఎగబడ్డారు. అది ఈ ఫర్కేటానే, పరాయి దేశం నుంచి వచ్చి కాలవల్ని కమ్మేసే మొక్క. కబోంబాలోనే ఇంకో రకం, దీని తోబుట్టువు కరోలినియానాని ఐరోపా యూనియన్ 2016లోనే ప్రమాదకర జాతుల జాబితాలో చేర్చింది. తీసేసిన మొక్కని మేడ మీద ఎండలో కరకరలాడేదాకా ఆరబెట్టి, ఆ తర్వాత కుండీల మట్టిలో కలిపేయండి.